మిస్‌ఫైర్‌కు మూలం కంప్రెషన్ లోపమేనా?

విశాఖ కైలాసగిరి ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు కారు కుదుపుతూ, ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ మార్చినా అదే సిలిండరు మిస్ అవుతుంటే (అందులో ఇంధనం సరిగా మండకపోతుంటే, అదే మిస్‌ఫైర్), ఇక కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, చూడవలసిందే. ఇంజను వేడిగా ఉండగానే ఇంధనాన్ని, ఇగ్నిషన్‌ను నిలిపివేసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి, ముల్లు పెరగడం ఆగేవరకు సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే అంకెలన్నీ అబద్ధమే చెబుతాయి. మూడు సిలిండర్లు 170 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) చూపగా ఒకటి 95 దగ్గర ఆగిపోతే దొంగ దొరికినట్టే. అందులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు ముల్లు బాగా పైకి లేస్తే పిస్టన్ రింగులు గానీ, సిలిండరు గోడ గానీ అరిగాయని, కదలకపోతే లోపం చాలావరకు వాల్వులలోనే ఉందని భావించాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలోనూ తగ్గితే హెడ్ గాస్కెట్‌ను (ఇంజను బ్లాకుకు, పైనుండే హెడ్డుకు మధ్య ఉండే సీలును) అనుమానించాలి. గాజువాకలో హెడ్డు విప్పించే ముందు వాల్వు క్లియరెన్సు (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండాల్సిన సన్నని సందు) చూపించుకోవడం మేలు, ముఖ్యంగా సీఎన్‌జీ బండ్లకు.