ఐరన్, కాల్షియం మాత్రలు కలిపి మింగొద్దు

కడుపుతో ఉన్నప్పుడు ఈ రెండూ రాసిస్తారు. పని అయిపోతుందని ఒకేసారి వేసుకుంటే కాల్షియం అడ్డుపడి ఐరన్ సరిగా ఒంటబట్టదు. మధ్యలో కనీసం 2 గంటల తేడా ఉండాలి. కాల్షియం భోజనంతో, ఐరన్ పరగడుపున లేదా తిన్న 2 గంటలకు. టీ, కాఫీ, పాలతో అసలు వద్దు, నిమ్మరసం నీళ్లయితే మేలు. పరగడుపున వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు కాస్త ఏదైనా తిని వేసుకోండి, మానేయడం కంటే అదే నయం. మోషన్ నల్లగా వస్తే కంగారొద్దు, అది ఐరన్ వల్లే. జిగటగా తారులా ఉంటే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించాలి. మలబద్ధకం మరీ ఇబ్బంది పెడితే మీరే మోతాదు తగ్గించుకోకండి, వేరే రకం రాయమని అడగండి, ఉంటాయి.