ట్రైనింగ్‌కి వెళ్లే తమ్ముడూ, ముందు ఉన్‌తీస్ నేర్చుకో

ఆర్మీకి సెలెక్టయ్యి కాల్ లెటర్ కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లు ఈసారి మా ఊళ్లో నలుగురున్నారు. సాయంత్రం చెరువు గట్టు మీద పరుగు అయ్యాక మా అరుగు మీదకొచ్చి కూర్చుంటారు. "చిన్నాన్నా, అక్కడ తట్టుకోగలమా?" అని అడుగుతారు. 1600 మీటర్ల పరుగు నెగ్గిన వాళ్లకి ఒంటి కష్టం కొత్తేమీ కాదు. కొత్తదల్లా నలభై మందితో ఒకే బారక్‌లో ఉండటం. వాళ్లకి రోజూ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా. 2004లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరి నీలగిరుల్లోని వెల్లింగ్‌టన్‌లో ట్రైనింగ్ చేశాను. 17 ఏళ్ల సర్వీస్ తర్వాత హవల్దార్‌గా పెన్షన్ మీద ఇంటికొచ్చాను. మన దేశంలో బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడం లేదు, అందరం ఇష్టపడే వెళ్తాం. అయితే 2022లో అగ్నిపథ్ పథకం వచ్చాక మొదట ఇచ్చేది 4 ఏళ్లే. అందులో 31 వారాలు ట్రైనింగ్‌కే పోతాయి. ఆ 4 ఏళ్లు అయ్యాక రెగ్యులర్‌గా ఉంచేది వందలో 25 మంది వరకే. అందుకే ఇప్పటి పిల్లలు మొదటి రోజు నుంచే పక్క మంచం వాడిని పోటీదారుగా చూస్తున్నారు. ఆ చూపు మాత్రం ఇంట్లోనే వదిలేసి రైలెక్కండి. ట్రైనింగ్‌లో ఒంటరిగా గట్టెక్కినవాడిని నేను చూడలేదు.

వెళ్లకముందు చేసుకోవాల్సిన మొదటి పని హిందీ అంకెలు. మన పిల్లలు ఇరవై దాకా బాగానే చెప్తారు, అక్కడినుంచే తడబాటు. రాత్రి రోల్ కాల్‌లో వరసగా నిలబడి గినతీ, అంటే ఒక్కొక్కరూ తమ వంతు అంకె చెప్పాలి. ఒకడు తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. మొదటి వారంలో నా వంతు ఇరవై తొమ్మిది. నాకు ఆ మాట తెలియదు. "బీస్ నౌ" అని అరిచాను. చలిలో అందరూ మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారీ నా దగ్గరే ఆగింది. మూడోసారి నా పక్కన ఇరవై ఎనిమిది చెప్పాల్సిన కుర్రాడు "అఠ్ఠాయీస్" అని గట్టిగా అరిచి, ఊపిరి కింద "ఉన్‌తీస్" అన్నాడు. నేనూ అదే అన్నాను. లైను ముందుకు కదిలింది.

వాడిది కేరళలో కొల్లం వైపు. బళ్లో హిందీ చదువుకున్నాడు. ఆ రాత్రి నా మంచం మీదకొచ్చి కూర్చుని కిటుకు చెప్పాడు: "ఉన్" అంటే ఒకటి తక్కువని. ఉన్నీస్ అంటే ఇరవైకి ఒకటి తక్కువ, ఉన్‌తీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఉన్‌తాలీస్, ఉన్‌చాస్, ఉన్‌సఠ్ కూడా అంతే. తర్వాత వాడే నాకు బడ్డీ అయ్యాడు. ఆర్మీలో ఇద్దరిద్దరిని జతగా ఉంచుతారు, ఆ జతలో రెండోవాడే బడ్డీ.

అంకెలతో పాటు డ్రిల్ మాటలు కూడా ఇంట్లోనే నోటికి పట్టించుకోండి. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్ (కుడికి తిరుగు), బాయే ముడ్ (ఎడమకి), పీఛే ముడ్ (వెనక్కి), తేజ్ చల్ (వేగంగా నడువు), థమ్ (ఆగు). నేర్పేవాళ్లని ఉస్తాద్ అనాలి, జేసీవోలని (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లని) సాబ్ అనాలి. రైఫిల్ చేతికొచ్చిన రోజే దాని బట్ (వెనక మడమ) మీద వేసిన నంబర్ బట్టీ పట్టండి. నిద్రలో లేపి అడిగినా హిందీలో చెప్పగలగాలి.

ఇక సామాను. ఇచ్చిన లిస్టులో ఉన్నవి ఎలాగూ కొంటారు. అందులో ఉండకపోయినా నేను పెట్టుకోమనేవి కొన్ని ఉన్నాయి: రెండు జతల సాక్సులు అదనంగా, గోళ్లు కత్తిరించుకునేది, తాళంకప్పకి రెండో తాళంచెవి. ఆ రెండో చెవి బడ్డీ దగ్గర ఉంచాలి. కందిపొడి ఒక కిలో తీసుకెళ్లండి. లంగర్‌లో, అంటే వంటశాలలో, రాత్రి రొట్టె పప్పు పెడతారు, మొదటి నెల అన్నం కోసం ప్రాణం లాగుతుంది. పొడి డబ్బా మూత తీశాక పది చేతులొస్తాయి, అడ్డుపెట్టకండి. మా అమ్మ పంపిన కిలో ఐదు రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాత తమిళ కుర్రాడి మురుకులు, కన్నడ కుర్రాడి చట్నీ పొడి నా దగ్గరికి అడగకుండానే వచ్చాయి.

వెల్లింగ్‌టన్ 6 వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. మన ఉక్కపోతలో పెరిగిన ఒంటికి ఆ చలి మొదట్లో అర్థం కాదు. అక్టోబర్, నవంబర్ వానల్లో బట్టలు ఆరనే ఆరవు. తడి సాక్సులతో పరిగెత్తితే మూడో రోజుకి మడమ మీద బొబ్బ. దీనికి మేం చేసిన పని చెప్తాను. ఉతికిన సాక్సులు పొడి టవల్లో చుట్టి, ఒక కొస నేను, ఇంకో కొస బడ్డీ పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టేవాళ్లం. టవల్ తాడులా బిగిసేది. ఒక్కడు పిండితే దిగని నీళ్లు ఇద్దరి చేతుల్లో దిగిపోయేవి. తర్వాత వాటిని దుప్పటి కింద నడుము దగ్గర పరుచుకుని పడుకుంటే తెల్లారేసరికి ఒంటి వేడికి ఆరిపోయేవి.

బూట్లు, బెల్టు, మంచం కూడా ఇలాగే పంచుకోవాలి. నాకు పాలిష్ బాగా కుదిరేది. డబ్బా మూతలో రెండు చుక్కల నీళ్లు, దూదితో కొంచెం పాలిష్, బూటు ముక్కు మీద రూపాయి బిళ్లంత చుట్లు. తొందరపడి గట్టిగా రుద్దితే మెరుపు పోతుంది. వాడికి బ్రాసోతో ఇత్తడి బకిల్ తోమడం, దుప్పటి అంచులు కొలిచినట్టు మడవడం వచ్చు. అందుకని రెండు జతల బూట్లూ నావి, రెండు బెల్టులూ రెండు మంచాలూ వాడివి. ఎవరిది వాళ్లే చేసుకుంటే లైట్లార్పే వేళకీ తెమిలేవాళ్లం కాదు. పంచుకున్నాక ఇంటికి ఉత్తరం రాసుకునే టైమ్ మిగిలింది. అలాగని వాడి పని నేర్చుకోకుండా ఉండకూడదు. ఆదివారం మార్చుకుని చేయండి. ఒకరోజు బడ్డీ గార్డ్ డ్యూటీలో ఉంటాడు, ఆ రోజు చేతకాక నిలబడాల్సి వస్తుంది. కిట్‌లో సూది దారం సంచి ఇస్తారు, దాన్ని హౌస్‌వైఫ్ అంటారు. గుండీ కుట్టుకోవడం అమ్మ దగ్గరే నేర్చుకుని వెళ్లండి.

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది దెబ్బల సంగతి. మూడో నెలలో నాకు మోకాలి కింద ఎముక మీద నొప్పి మొదలైంది. చెప్తే వెనక బ్యాచ్‌లో కలిపేస్తారని భయం. దాన్ని రెలిగేషన్ అంటారు. పళ్లు బిగించి పది రోజులు దాచాను. మెట్లు పక్కకి తిరిగి దిగుతున్నానని బడ్డీ కనిపెట్టాడు. చెప్పమన్నాడు. నేను వినలేదు. మర్నాడు పొద్దున్నే వాడే వెళ్లి ఉస్తాద్‌కి చెప్పేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది, రెండు రోజులు మాట్లాడలేదు. ఎంఐ రూమ్‌లో (వైద్య పరీక్ష గదిలో) డాక్టర్ చూసి వారం రోజులు ఎక్స్‌క్యూజ్ పీటీ, అంటే వ్యాయామం నుంచి మినహాయింపు రాశారు. ఇలాగే ఇంకొన్నాళ్లు పరిగెత్తి ఉంటే ఎముక చిట్లేదని, అప్పుడు నెలల తరబడి మంచమేనని చెప్పారు. నేను బారక్‌కి వచ్చేసరికి నా మగ్గులో టీ, దాని మీద మూతగా ప్లేట్ పెట్టి ఉన్నాయి. వాడు మాత్రం అటు తిరిగి దుప్పటి మడుస్తున్నాడు. "ఉన్‌తీస్" అన్నాను. నవ్వేశాడు.

కాబట్టి తమ్ముడూ, నొప్పి మొదలైన రోజే చెప్పు. నీ బడ్డీ కుంటుతుంటే వాడు తిట్టినా సరే, నువ్వే చెప్పు. వాడు వెనకపడితే నీకు చోటు దొరుకుతుందన్న ఆలోచన ఆ క్షణంలో వస్తే దాన్ని అక్కడే తుంచేయాలి. రేపు బూట్లు, రైఫిల్, సామానుతో 5 కిలోమీటర్లు పరిగెత్తేటప్పుడు నీ రైఫిల్ కాసేపు మోసేది వాడే.

డబ్బు గురించి రెండు మాటలు. అగ్నిపథ్‌లో చేరినవాడిని అగ్నివీర్ అంటారు. మొదటి ఏడాది అగ్నివీర్‌కి నెలకి 30 వేలు, అందులో 9 వేలు 4 ఏళ్ల చివర్లో ఇచ్చే సేవా నిధికి పోగా చేతికి 21 వేలు. ఏటీఎం పిన్ బడ్డీకి కూడా చెప్పకు. ఇంటికి ఎంత పంపాలో మొదటి నెలలోనే అమ్మానాన్నలతో మాట్లాడి తేల్చుకో.

ట్రైనింగ్ చివర్లో ప్రమాణం చేసే కసమ్ పరేడ్ తేదీ తెలియగానే ఇంటివాళ్లకి టికెట్లు చేయించు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. కోయంబత్తూరులో దిగి, మేట్టుపాళయం మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కాలి. అమ్మకి స్వెటర్ తెచ్చుకోమని చెప్పు. బారక్‌లో ఎవరి ఇంటివాళ్లు రావడం లేదో వారం ముందే కనుక్కో. మా పరేడ్ రోజు నా బడ్డీ వాళ్ల అమ్మ ఆస్పత్రిలో ఉంది, ఎవరూ రాలేదు. మా అమ్మకి మలయాళం రాదు, వాడికి తెలుగు రాదు. అరిసెల డబ్బా తెరిచి మొదటి అరిసె వాడి నోటికి అందించి, రెండోది నాకిచ్చింది.