తుపాన్ల నెలలకు ముందు రోబోటిక్స్ వర్క్‌షాప్‌లో జాగ్రత్తలు

విశాఖలో విద్యార్థుల రోబోటిక్స్ జట్టుకు వర్క్‌షాప్ ఏర్పాటు చేసేవారు పనిముట్ల జాబితా కన్నా ముందు వాటిని దాచే బీరువా సంగతి ఆలోచించాలి. ఇక్కడి ఉప్పుగాలికి, నూనె గుడ్డతో తుడవకుండా వదిలేసిన వెర్నియర్ కాలిపర్ (సన్నని కొలతలు తీసే పరికరం) దవడల మీద కొద్ది రోజుల్లోనే ఎర్రటి చుక్కలు లేస్తాయి. గరుకు కాగితంతో రుద్దితే తుప్పుతో పాటు కొలత కూడా పోతుంది. కొలత పరికరాలను, డ్రిల్ బిట్లను సముద్రం వైపు కిటికీకి దూరంగా, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతు మూత డబ్బాల్లో ఉంచాలి.

గ్రైండర్ కటింగ్ వీల్స్‌కూ తేమ పడదు. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, ఆ వేగంలో బలహీనపడిన వీల్ పగిలి ఎగరవచ్చు కనుక, చవకగా వస్తున్నాయని పాత సరుకు కొనకుండా, వీల్ మధ్యనున్న లోహపు రింగు మీద గడువు తేదీ చూసి తీసుకోవాలి.

గాజువాక ఆటోనగర్ వైపు పాత బెంచ్ డ్రిల్ దొరికితే, బెల్టుపై కప్పు, ఎర్త్ వైరు ఉన్నాయో లేదో చూసిన తరువాతే బేరమాడాలి. దాని దగ్గర చేతి తొడుగులు రక్షణ కాదు, ప్రమాదం. తిరిగే బిట్ తొడుగు కొసను పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది. చున్నీ, జడ, మెడలోని ఐడీ కార్డు తాడు విషయంలోనూ ఇదే భయం. మా వర్క్‌షాప్‌లో ఒక విద్యార్థి చక్ కీ (డ్రిల్ బిట్‌ను బిగించే తాళంచెవి) తీయకుండా స్విచ్ వేయగా, అది ఎగిరి గోడకు తగిలి సిమెంటు పెచ్చు ఊడింది. కొత్తగా చేరినవారికి చూపడానికి ఆ చోటును నేను పూడ్చనివ్వలేదు.

లిథియం పాలిమర్ బ్యాటరీలను అన్ని సెల్‌లనూ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తోనే, సెల్‌కు 4.2 వోల్టులు మించకుండా, మనిషి దగ్గరుండగా చార్జ్ చేయాలి. చార్జింగ్ పెట్టి టిఫినుకు వెళ్లడం కుదరదు. వాడకం లేని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర నిలవ ఉంచాలి, ఉబ్బినదాన్ని పక్కన పెట్టేయాలి. బ్యాటరీ అంటుకుంటే వేయడానికి దగ్గర ఉంచే బకెట్‌లో పొడి ఇసుకే ఉండాలి. బీచ్ నుంచి తెచ్చిన తడి ఉప్పు ఇసుక పనికిరాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు పోగానే ప్రతి యంత్రం స్విచ్ ఆపకపోతే, అది తిరిగి వచ్చినప్పుడు ఎవరూ తాకకుండానే డ్రిల్ తిరుగుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున రోబో నుంచి బ్యాటరీలు విడదీసి, ప్లగ్ బోర్డులను నేల మీద నుంచి ఎత్తి, మెయిన్ ఆపాకే తాళం వేయాలి.