హనోయి, అగరుబత్తుల ఊరు, టోపీల ఊరు: గైడుతో ఫొటోగ్రఫీ టూర్‌కు సిద్ధపడటం ఎలా?

వియత్నాం రాజధాని హనోయి పరిసరాల్లో ఫొటోగ్రఫీ టూర్ అనగానే చాలామందికి ఒకే దృశ్యం గుర్తుకొస్తుంది: ఎర్రటి అగరుబత్తి పుల్లల కట్టలు పూలగుత్తుల్లా విచ్చుకొని నేలంతా పరచుకొని ఉండగా, వాటి నడుమ ఆకు టోపీ పెట్టుకొని కూర్చున్న ఒక స్త్రీ. ఆ ఫొటో దొరకడం కష్టమేమీ కాదు, ఎందుకంటే రుసుము చెల్లించిన వారి కోసం ఆ ఏర్పాటు సిద్ధంగానే ఉంటుంది. ఆ ఊళ్లో నిజంగా సాగే పనిని ఫొటోలోకి తేవడమే కష్టం. అందుకు సరైన రోజు, సరైన గంట, ఊరివారితో ముఖపరిచయం ఉన్న గైడు, ఈ మూడూ కుదరాలి.

కాబట్టి డబ్బు కట్టే ముందే గైడును కొన్ని ప్రశ్నలు అడగాలి. ఉదయం ఎన్నింటికి బయలుదేరతారు, ఒక్కో ఊళ్లో ఎంతసేపు ఉంటారు, బృందంలో ఎందరు ఉంటారు, ఊళ్లో చెల్లించాల్సిన రుసుములు టూర్ ధరలో కలిసి ఉన్నాయా అన్నవి ముఖ్యం. బృందం నలుగురికి మించితే, ఇంటి వాకిట్లో తన పని తాను చేసుకుంటున్న మనిషి ముందు మనం పెళ్లి వీడియోవాళ్లలా నిలబడాల్సి వస్తుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గైడు మమ్మల్ని తీరిగ్గా పదకొండు గంటలకు ఊరు చేర్చాడు. అప్పటికి వెలుగు నడినెత్తికి వచ్చేసింది, పనివాళ్లు భోజనాలకు లేచిపోయారు, మాకు మిగిలింది అలంకరించిన ఆవరణ ఒక్కటే.

కాలం విషయానికి వస్తే, సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు దాకా ఎండ తేటగా ఉంటుంది. వియత్నాం కొత్త సంవత్సరమైన టెట్ దగ్గరపడే కొద్దీ అగరుబత్తుల గిరాకీ పెరిగి, ఊళ్లో పని ఊపందుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం సన్నటి తుంపర రోజుల తరబడి పట్టుకుంటుంది. ఆ రోజుల్లో పుల్లలు ఆరబెట్టరు, కనుక ఆ ఊరికి వెళ్లినా ప్రయోజనం తక్కువ.

నగరానికి ఒక రాత్రి, ఒక ఉదయం చాలు. తెల్లవారకముందే క్వాంగ్ బా పూల మార్కెట్టుకు వెళ్తే, పూల మోపులు కట్టిన మోటారు సైకిళ్లు, బల్బుల వెలుగులో బేరాలు కనిపిస్తాయి. అక్కడ ట్రైపాడ్ దారికి అడ్డం. తక్కువ వెలుగులోనూ ఫొటో వచ్చేలా కెమెరా ఐఎస్‌ఓ (వెలుగును పట్టే స్థాయి) పెంచుకొని, 35 మిల్లీమీటర్ల లెన్సుతో చేతిలోనే తీయడం మేలు. తెల్లవారాక హోవాన్ కియెమ్ సరస్సు ఒడ్డున వ్యాయామం చేసే వృద్ధులను, ఆ తరువాత 1902లో పూర్తయిన లాంగ్ బియెన్ వంతెనను చూడవచ్చు. ఇళ్లను ఒరుసుకుంటూ రైలు వెళ్లే వీధి గురించి అందరూ చెబుతారు గాని, భద్రత కారణంగా అధికారులు 2019 నుంచి దాన్ని పలుమార్లు మూసివేశారు. పట్టాల మీద నిలబెట్టి ఫొటో తీయిస్తానన్న గైడు మాట వినకపోవడమే మంచిది.

అగరుబత్తి పుల్లల ఊరు క్వాంగ్ ఫూ కౌ హనోయికి దక్షిణాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. మనకు ఈ ఊరి సరుకు కొత్తదేమీ కాదు. భారత్‌లో అగరుబత్తులకు వాడే వెదురు పుల్లలు చాలాకాలం చైనా, వియత్నాంల నుంచే ఎక్కువగా వచ్చేవి; 2019లో అగరుబత్తుల దిగుమతిపై ఆంక్షలు వచ్చాయి, 2020లో వెదురు పుల్లలపై సుంకం 25 శాతానికి పెరిగింది. ఊళ్లోకి వెళ్లగానే ఆవరణలో ఆగిపోకుండా, వెదురును చీల్చే షెడ్డు దగ్గరికి ముందుగా తీసుకెళ్లమని గైడును అడగండి. దుమ్ము, యంత్రాల చప్పుడు, తలుపు సందులోంచి పడే ఏటవాలు వెలుగు అక్కడే ఉంటాయి. తరువాత ఆరబెట్టే చోటికి వెళ్లాలి. రంగులో ముంచిన కొసలు పైకి వచ్చేలా కట్టను నిలబెట్టి, నేలకు ఒక్క పోటు పొడిచి మణికట్టుతో మెలి తిప్పగానే ఆ కట్ట గొడుగులా విచ్చుకుంటుంది. ఆ క్షణం రెప్పపాటే. షట్టర్ స్పీడు సెకనులో 500వ వంతు దగ్గర పెట్టుకొని, రెండు మూడు కట్టల దాకా ఊరికే చూసి, కట్టను విప్పే మనిషి చేతి లయ పట్టుబడ్డాక నొక్కండి. అంత ఎరుపు ఒకచోట ఉన్నప్పుడు రంగులను తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ తికమకపడుతుంది, ముఖాల మీదికి కూడా ఎరుపు పాకుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్‌లో ఉంచి, ఎక్స్‌పోజరు కొద్దిగా తగ్గించి, తరువాత రంగులు సరిదిద్దుకోవడానికి వీలైన రా ఫార్మాట్‌లో తీసుకోవాలి.

అదే దారిలో, అదే రోజు, ఆకు టోపీలల్లే చువోంగ్ గ్రామం చూడవచ్చు. అక్కడి టోపీల సంత చాంద్రమాన నెలలో 4, 10, 14, 20, 24, 30 తేదీలలో తెల్లవారుజామున జరిగి, ఎండ ఎక్కేలోపే ముగుస్తుంది. వియత్నాం వారి నెల అమావాస్య నాడే మొదలవుతుంది కనుక మన పంచాంగంతో లెక్కవేస్తే ఒక రోజు తేడా వస్తుంది. తేదీని గైడుతో సరిచూసుకోండి. సంత లేని రోజైనా, వేడి ఇనుము మీద ఆకును పరచి గుడ్డమూటతో అదిమి చదును చేసే అవ్వలు అరుగుల మీద కనిపిస్తారు. కుండల ఊరు బాట్ చాంగ్ మరోవైపు, ఎర్ర నది ఒడ్డున ఉంది. దాన్ని ఇదే రోజులో ఇరికించకండి.

డ్రోను వాడాలంటే సాధారణంగా అధికారుల ముందస్తు అనుమతి కావాలి, కనుక దాన్ని ఇంట్లోనే వదిలేయండి. ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కెమెరాను మూసిన సంచిలో ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాకే తీయాలి. మనుషుల్ని తీసే ముందు కెమెరా చూపించి, వారు తల ఊపాకే తీయండి. వయసులో పెద్దవారి విషయంలో ఈ మర్యాద మరీ అవసరం. పనిలో ఉన్నవారికి డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది గైడుకే వదిలి, ఆ ఇంట్లో ఒక టోపీయో పుల్లల కట్టో కొనడం నాకు నచ్చిన పద్ధతి. టోపీ పెట్టెలో పట్టదు, విమానంలో చేతిలోనే పట్టుకోవాలి. తిరిగొచ్చాక మంచి ఫొటోలు నాలుగు ఏరి గైడుకు వియత్నాంలో వాడే జాలో అనే మెసేజింగ్ యాప్‌లో పంపితే, అతను మళ్లీ ఆ వాకిలి దాటినప్పుడు వాళ్లకు చూపిస్తాడు.