అమెరికా పాత నేషనల్ బ్యాంక్ నోట్లు సేకరించడం ఎలా? ఊరి పేరుతో మొదలుపెట్టండి

1863 నుంచి 1935 దాకా అమెరికాలో చిన్న చిన్న ఊళ్లలోని బ్యాంకులు కూడా తమ పేరుతో నోట్లు ఇచ్చేవి. ప్రభుత్వ బాండ్లు కొని ఖజానాలో జమ చేస్తే, ఆ హామీ మీద బ్యాంకు పేరు, ఊరు, రాష్ట్రం అచ్చేసిన నోట్లు వచ్చేవి. అలా ఇచ్చిన బ్యాంకులు 12 వేలకు పైనే, కాబట్టి అన్నీ కావాలనుకోకుండా ముందు ఒక ఊరో, ఒక కౌంటీయో ఎంచుకోండి. అక్కడ స్థిరపడిన మనవాళ్లయితే చదువుకున్న ఊరో, ఇల్లు కొన్న ఊరో తీసుకోవచ్చు.

తర్వాత చార్టర్ నంబరు (ప్రభుత్వం బ్యాంకుకిచ్చిన అనుమతి సంఖ్య) చూడటం నేర్చుకోండి. 'ఫస్ట్ నేషనల్ బ్యాంక్' అన్న పేరు వందల ఊళ్లలో ఉంటుంది, నంబరు మాత్రం ఒక్కో బ్యాంకుకు ఒక్కోటి (1వ నంబరు ఫిలడెల్ఫియాది).

మొదటి నోటుగా 1929 సిరీస్ కొనడం మంచిదని నా అభిప్రాయం. సైజు ఇప్పటి డాలరంతే, సీలు గోధుమ రంగు. నల్ల అంకెల్లో చార్టర్ నంబరు రెండుసార్లే ఉంటే టైప్ 1, గోధుమ రంగులో ఇంకో రెండుసార్లు కూడా ఉంటే టైప్ 2. అదే 1929 సిరీస్‌లో ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ) బ్యాంకుల పేరుతోనూ గోధుమ సీలు నోట్లు వచ్చాయి, వాటికి చార్టర్ నంబరు ఉండదు, కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. పెద్ద సైజు 1902, 1882 నోట్లు ఆ తర్వాత చూడండి. 2 అంకె అడ్డంగా పడుకున్నట్టుండే తొలినాటి 'లేజీ డ్యూస్' 2 డాలర్ల నోటు చాలా ఖరీదు.

ధర దగ్గర ఒకటి బాగా గుర్తుంచుకోండి, పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. న్యూయార్క్‌లోని పెద్ద బ్యాంకు 1902 నోటు కంటే, నాలుగైదు నోట్లే మిగిలిన పల్లెటూరి బ్యాంకు 1929 నోటు ఎక్కువ పలకొచ్చు. అందుకే కొనేముందు ఆ బ్యాంకు నోట్లు ఎన్ని బయటపడ్డాయో, హెరిటేజ్ లాంటి సంస్థల పాత వేలాల్లో ఎంతకు పోయాయో చూడండి.

నోటు చేతికొచ్చాక వెలుతురుకు పట్టి చూడండి: పిన్ను రంధ్రాలు, అతుకులు, చిరుగులు కనిపిస్తాయి. పెద్ద సైజు నోట్ల మీద క్యాషియర్, ప్రెసిడెంట్ చాలాసార్లు పెన్నుతోనే సంతకం చేసేవారు, ఆ సిరా వెలిసిపోవడం మామూలే. కాగితం పాతబడి సంతకం మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎవరో మళ్లీ దిద్దారేమోనని అనుమానించండి. ఖరీదైనదైతే నోటు అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చే పీఎంజీ లాంటి సంస్థ దగ్గర గ్రేడింగ్ అయినదే తీసుకోండి.

దయచేసి కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, టేపు అంటించొద్దు. ముఖ్యమైన కాగితం కనిపిస్తే ల్యామినేషన్ చేయించే అలవాటు మన ఇళ్లలో ఉంది, దీనికి అదే చేస్తే నోటు పాడైనట్టే. పీవీసీ లేని మైలార్ (పారదర్శక పాలిస్టర్) కవర్లో పెట్టి, ఎండ, చెమ్మ తగలకుండా దాచండి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. సంతకాల్లోని పేర్లు పట్టుకుని ఆ ఊరి పాత పత్రికల్లో వెతకండి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో చాలా పత్రికలు ఉచితంగానే దొరుకుతాయి. బ్యాంకు ఎప్పుడు తెరిచారో, ఎందుకు మూతపడిందో తెలిస్తే చీటీ మీద రాసి, కొన్న తేదీ, ధర కూడా వేసి, కవరు బయట నోటుతో పాటే ఉంచండి.