టెన్త్ బ్యాచ్ చెదిరిపోకుండా: పట్టిక, ఫోను, ముక్కనుమ

వయసు నలభైకి దగ్గరపడిన టెన్త్ బ్యాచ్‌లన్నిటిదీ దాదాపు ఒకే వరస. ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపు పెడతారు. మొదటి వారం అర్ధరాత్రి దాకా కబుర్లు. మూడో నెలకు పండగ బొమ్మలు, పార్టీ వీడియోలు. ఏడాది తిరిగేసరికి మాట్లాడేది ఐదారుగురు, మిగతావాళ్ళు మ్యూట్. ఇందులో మనుషుల తప్పు లేదు. అరవై మందిని ఒక్కచోట పోగేస్తే ఎవరి బాగోగులూ ఎవరి పనీ కాదు. వంద మెసేజ్‌ల మధ్య ఒకడు నెల రోజులు నోరు తెరవకపోయినా ఎవరికీ తెలియదు. ఒక మనిషి ఏడెనిమిది మందిని గుర్తుపెట్టుకుని చూసుకోగలడు, అరవై మందిని చూసుకోలేడు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. అనంతపురం చుట్టుపక్కల హైస్కూళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాం. కడప, కర్నూలు వాళ్ళు ఊళ్ళ పేర్లు, దూరాలు మార్చుకుంటే చాలు.

ముందు పట్టిక, తర్వాతే గ్రూపు

టెన్త్ పాసైనవాళ్ళ జాబితాతో మొదలుపెడితే సగం మందిని అక్కడే పోగొట్టుకుంటారు. కరువు ఏడాది ఏడో తరగతిలోనే బడి మానేసి చేనికి పోయినవాళ్ళు, తొమ్మిదిలో పెళ్ళయిపోయిన ఆడపిల్లలు, టెన్త్ తప్పినవాళ్ళు అందులో ఉండరు. ఆరో తరగతి అడ్మిషన్ రిజిస్టరు నుంచి మొదలుపెట్టండి. హెడ్‌మాస్టరుకు బ్యాచ్ సంవత్సరం రాసి, ఇద్దరు సంతకం చేసిన అర్జీ ఇవ్వండి. జూన్‌లో అడ్మిషన్లు, మార్చిలో పరీక్షలు కాబట్టి ఆ రెండు నెలలూ పోవద్దు. పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకుంటే సరిపోతుంది. కులం, పుట్టిన తేదీ ఉన్న గళ్ళ జోలికి పోవద్దు. తెలుగు మీడియంతోపాటు ఉర్దూ మీడియం ఉన్న బడి అయితే ఆ సెక్షన్ కూడా మన బ్యాచే. చాలా సమ్మేళనాల్లో వాళ్ళను పిలవడమే మరిచిపోతారు, ఇది నిజంగా బాధాకరం.

దొరకని వాళ్ళ కోసం ఫేస్‌బుక్ కంటే ఊరి టీ అంగడి, రేషన్ స్టోరు డీలరు, పోస్ట్‌మ్యాన్ త్వరగా పనికొస్తారు. బెంగళూరు పోయిన కుటుంబమైనా జాతరకో, పీర్ల పండగకో ఊరికొస్తుంది. ఆ రోజు ఊళ్ళో ఉండే బ్యాచ్‌మేట్ ఒకరు కాగితం జేబులో పెట్టుకుని తిరిగితే నాలుగైదు నంబర్లు దొరుకుతాయి.

పట్టికలో ఈ గళ్ళుండాలి: పూర్తి పేరు, సెక్షన్, సొంతూరు, ఇప్పుడుండే చోటు, సొంత నంబరు, ఇంట్లో ఇంకొకరి నంబరు, ఫోన్ చేయదగిన వేళ, బ్లడ్ గ్రూపు, చివరిసారి మాట్లాడిన తేదీ. చివరి గడే అన్నిటికంటే ముఖ్యం. నాలుగు నెలలు దాటిన తేదీలను ఎర్ర సిరాతో చుట్టండి. బ్లడ్ గ్రూపు పక్కన చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ కూడా రాయండి. ఒకసారి ఇచ్చాక మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి. అవసరం పడిన రాత్రి ఈ లెక్క వెతుక్కునే తీరిక ఉండదు.

మొత్తం పట్టిక ఇద్దరి దగ్గరే ఉండాలి. దాన్ని గ్రూపులో పెట్టొద్దు. కొత్త నంబరుకు స్నేహితుడి ఫోటో తగిలించి "అర్జెంటుగా పదివేలు పంపు" అని అడిగే మోసగాళ్ళకు అంతకంటే మంచి సరుకు లేదు. అలాంటి మెసేజ్ వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు వినేదాకా పైసా పంపొద్దని అందరికీ చెప్పండి. ఎవరైనా అప్పటికే పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

బెంచీ లీడర్లు

అరవై మందిని ఎనిమిది బెంచీలుగా విడదీయండి. బెంచీకి ఏడెనిమిది మంది, వాళ్ళలో ఒకరు లీడరు. పాత జిగిరీ దోస్తులందరినీ ఒకే బెంచీలో పెట్టొద్దు, వాళ్ళు ఎలాగూ మాట్లాడుకుంటారు. ఉండే చోటును బట్టి కలపండి. బెంగళూరులో ఉన్నవాళ్ళకు బెంగళూరు లీడరు, ఊళ్ళోనే సేద్యం చేసుకునేవాళ్ళకు ఊళ్ళోవాడే లీడరు. ఆడవాళ్ళ బెంచీలకు ఆడవాళ్ళే లీడర్లు. ఏడాదికొకసారి లీడర్లు మారాలి, లేకపోతే పని ఇద్దరి నెత్తిన పడి వాళ్ళే ముందు విసిగిపోతారు.

లీడరు పని చిన్నది. మూడు నెలలకోసారి ఒక్కొక్కరికి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడాలి, అంతే. వారానికి ఒక్క ఫోను కూడా పడదు. మెసేజ్ సరిపోదు. "బాగున్నావా" అని రాస్తే "బాగున్నా" అనే జవాబు వస్తుంది. గొంతులో తేడా మాత్రం ఫోన్లోనే తెలుస్తుంది.

వేళ చూసుకోండి. సేద్యం వాళ్ళకు రాత్రి ఏడు దాటాక, సాఫ్ట్‌వేర్ వాళ్ళకు శనివారం పొద్దున. పోలీసు, నర్సు, ఆర్టీసీ ఉద్యోగాల వాళ్ళను షిఫ్టు అడిగి పట్టికలో రాసుకోండి. కదిరి వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళకు శుక్రవారం సెలవు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. శుక్రవారం మన సాయంత్రం నాలుగుకు చేస్తే నమాజు, భోజనం అయి తీరిగ్గా ఉంటారు. దుబాయ్, అబుదాబిలో ఉన్నవాళ్ళకు వాట్సాప్ కాల్ కలవదు. వాయిస్ మెసేజ్ పెట్టి, వాళ్ళ వీలు చూసి మామూలు కాల్ మాట్లాడుకోవాలి. న్యూయార్క్ వైపు ఉన్నవాళ్ళకు మన శనివారం రాత్రి ఏడున్నర అంటే చలికాలంలో పొద్దున తొమ్మిది, ఎండాకాలంలో పది.

ఏం మాట్లాడాలి? జీతం, ఇల్లు, ప్లాట్లు, పిల్లల ర్యాంకులు అడగొద్దు. "పిల్లలెంతమంది" అన్న మాట కూడా వాళ్ళంతట వాళ్ళు తీసేదాకా ఆగండి. అమ్మానాన్నల ఆరోగ్యం, ఊళ్ళో వానలు, మోకాళ్ళ నొప్పులు, ఈ మధ్య ఎవరు కలిశారు: ఇవి చాలు. వాళ్ళు చెప్పినదాంట్లో తేదీ ఉన్న సంగతి ఒకటి రాసుకోండి. "నాన్నకు 12న కంటి ఆపరేషన్" అంటే 13న ఒక ఫోను. పాతికేళ్ళ దూరాన్ని ఈ రెండో ఫోను తగ్గించినంతగా ఇంకేదీ తగ్గించదు.

మూడుసార్లు ఎత్తకపోతే అవమానంగా తీసుకోవద్దు. వెనక అప్పులుండొచ్చు, విడిపోయిన పెళ్ళి ఉండొచ్చు, బోర్లు ఎండి భూమి అమ్ముకున్న దిగులుండొచ్చు. అరనిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి: "రేయ్, ఏమీ పని లేదురా, నీ గొంతు విందామని చేసినా. వీలున్నప్పుడు చెయ్, లేకపోతే నేనే మళ్ళా చేస్తా." మూడు నెలల తర్వాత ఇంకో లీడరుతో చేయించండి. గ్రూపు వదిలి పోయినవాళ్ళను అడగకుండా మళ్ళీ చేర్చొద్దు.

ఆడవాళ్ళ నంబర్ల సంగతి

చాలా బ్యాచ్‌లు బిగుసుకుపోయేది ఇక్కడే. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, కొందరికి సొంత ఫోను ఉండదు. దారి పుట్టింటి నుంచే. ఫోన్ చేసేది క్లాసులోని ఆడవాళ్ళలో ఒకరైతే మంచిది. "అన్నా, నేను మీ చెల్లెలితో హైస్కూల్లో ఎ సెక్షన్‌లో చదివినదాన్ని. ఆమెకు నా నంబరు ఇస్తారా, వీలుంటే చేయమనండి" అని మన నంబరు ఇవ్వాలి, ఆమె నంబరు అడగకూడదు. గ్రూపులో చేరితే అందరికీ తన నంబరు కనిపిస్తుందని ముందే చెప్పి, ఇష్టమైతే చేరమని లింకు పంపండి. నేరుగా చేర్చేయడం తప్పు. చేరిన మరుసటి రోజే నలుగురు మగవాళ్ళు విడివిడిగా "హాయ్, గుర్తున్నానా" అని పంపితే ఆమె వెళ్ళిపోతుంది, ఆమె ద్వారా రావలసిన ఐదుగురూ రారు. విడిగా మెసేజ్ పెట్టాలనుకునేవాళ్ళు ముందు గ్రూపులోనే అడగాలన్న నియమం పెట్టండి. ముగ్గురు అడ్మిన్లలో ఒకరు ఆడవాళ్ళు కావాలి.

గ్రూపు నియమాలు నాలుగు వరుసలు దాటకూడదు: పార్టీ, కులం, మతం, హీరోల గొడవ వద్దు, ఫార్వర్డులు వద్దు, అప్పులు, చీటీలు, పాలసీలు, ప్లాట్ల అమ్మకం వద్దు, చావు వార్త లీడరు ధ్రువపరిచాకే. మొదటి తప్పుకు అడ్మిన్ విడిగా ఫోన్ చేసి చెప్పాలి, అందరి ముందూ కాదు. చీటీ గురించి గట్టిగా చెబుతున్నాం. రిజిస్టరు కాని చీటీ నడపడం చట్టప్రకారం నేరం. పైగా ఒక్కడు ఎత్తుకుని కట్టకపోతే బ్యాచ్ రెండు ముక్కలవుతుంది.

డబ్బు

ఎవరెంత ఇచ్చారో పేర్లతో గ్రూపులో పెట్టే అలవాటు మానండి. 5,000 పక్కన తన 200 చూసుకున్నవాడు వచ్చే ఏడు రాడు. మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, బిల్లుల ఫోటోలు: గ్రూపులో ఇవి మాత్రమే పెట్టండి. పేర్ల లెక్క ఇద్దరి దగ్గర ఉంటుంది. ఏడాది పొడవునా నిధి నడపాలనుకుంటే సొంత ఖాతాలో పోగేయొద్దు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులతో సంఘం పెట్టి, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు తీసేలా బ్యాంకు ఖాతా తెరవండి. అంత ఓపిక లేకపోతే నిధే వద్దు, అవసరం వచ్చినప్పుడు అడగండి. ఆసుపత్రి సాయమైతే ముందు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో అక్కడి కౌంటరులో కనుక్కుని, మిగిలిన బిల్లు నేరుగా ఆసుపత్రికే కట్టండి.

కలుసుకునే రోజు

తేదీ విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. జూన్, జూలైలో తొలి వానలకు చెనక్కాయ (వేరుశనగ) విత్తనం. అక్టోబరు, నవంబరులో పెరకడం, కట్టె నూర్పడం. మాఘంలో పెళ్ళిళ్ళు, ఫంక్షన్ హాలు దొరకదు. ఫిబ్రవరి, మార్చిలో పిల్లల పరీక్షలు. మిగిలేది సంక్రాంతి. సంక్రాంతి ఎప్పుడూ పుష్యమాసంలోనే వస్తుంది. పుష్యం శూన్యమాసం, పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి హాళ్ళు ఖాళీ, అద్దె బేరమాడొచ్చు. ఆడవాళ్ళు పుట్టింటికి వచ్చి ఉంటారు. కనుమ నాడు పెట్టొద్దు, ఆ రోజు ప్రయాణం చేయని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ముక్కనుమ మంచిది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2029లో సంక్రాంతి పండగ అవుతూనే మొదలవుతుంది, 2030లో సంక్రాంతి ఉపవాసాల మధ్యలోనే పడుతుంది. ఆ రెండేళ్ళూ పండగకు ముందొచ్చే డిసెంబరులో కలవండి.

తేదీ దసరాకే చెప్పేయాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే జనవరి మధ్య ప్రయాణానికి నవంబరు మధ్యలో. కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య వందేభారత్ అనంతపురంలో, ధర్మవరంలో ఆగుతుంది కానీ పండగకు టికెట్లు ఎంతోసేపు ఉండవు. బెంగళూరు వాళ్ళు నలుగురొక కారు మాట్లాడుకోవడం మేలు. 215 కిలోమీటర్లు, హైవే మీద నాలుగు గంటలు.

వంట లెక్క 50 మందికి: పొద్దున ఉగ్గానికి మూడున్నర కిలోల బొరుగులు, మనిషికి మూడు మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం సంగటికి మూడు కిలోల బియ్యం, మూడు కిలోల రాగిపిండి. అన్నానికి నాలుగు కిలోల బియ్యం. నాటుకోడి 12 కిలోలు. కోడిని హలాల్ అంగట్లో కొట్టిస్తే అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు. శాకాహారుల పప్పు, వంకాయ కూరలకు గిన్నెలు, గరిటెలు వేరు. నీళ్ళకు 20 లీటర్ల క్యాన్లు ఆరు. షుగరున్నవాళ్ళు ఇప్పుడు ప్రతి బెంచీలో ఉన్నారు, ఒంటిగంటకల్లా వడ్డించండి.

పరిచయాలకు మనిషికి రెండు నిమిషాలిస్తే 50 మందికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఒక్క నిమిషం పెట్టండి, ఉద్యోగం చెప్పడం తప్పనిసరి కాదనండి. పాత మారుపేర్లతో మైకులో పిలవొద్దు. నలభై రెండేళ్ళ మనిషిని భార్యాపిల్లల ముందు అలా పిలిస్తే అది బాధే. అయ్యవార్లను కారులో తీసుకొచ్చి కింది అంతస్తులోనే కూర్చోబెట్టండి. సన్మానం మొదటి గంటలోనే ముగించి, అలసిపోకముందే ఇంటికి చేర్చండి. ఎవరు లేరో, ఎవరు ఉన్నారో కుటుంబాలను అడిగి నిర్ధారించుకున్నాకే ఫ్లెక్సీ కొట్టించాలి. పోయిన బ్యాచ్‌మేట్ల ఇళ్ళవాళ్ళను కూడా పిలవండి. వాళ్ళ పేర్లు పట్టికలో నుంచి తీసేయొద్దు, నంబరు గడిలో భార్యదో, భర్తదో, పిల్లలదో ఉండాలి. నాయకులను ముఖ్య అతిథులుగా పిలవొద్దు. మందు ఆ ఆవరణలోకే రాకూడదు. వచ్చిందంటే ఆడవాళ్ళు మూడింటికే లేచి వెళ్ళిపోతారు.

తర్వాతి వారం లీడర్లకు మూడు పనులు. లెక్కలు పెట్టడం, మారిన నంబర్లు దిద్దడం, రానివాళ్ళకు ఫోన్ చేయడం. ఆ ఫోన్లో "ఎందుకు రాలేదు" అనే ప్రశ్న వద్దు. చదువుకున్నప్పుడు వాళ్ళు కూర్చున్న బెంచీ ఇంకా బడిలో ఉంటే, ముందే దాన్ని ఫోటో తీసి పంపండి. తర్వాత ఫోన్ చేయండి.