పల్చటి పొర ఉష్ణవాహకత కొలిచే 3-ఒమేగా పద్ధతి
సిలికాన్ మీది 300 నానోమీటర్ల ఆక్సైడ్‌పై 5 నానోమీటర్ల క్రోమియం, ఆపైన 150 నానోమీటర్ల బంగారంతో గీత వేయండి: వెడల్పు 30 మైక్రాన్లు, పొడవు 1 మిల్లీమీటర్, నాలుగు ప్యాడ్లు. 25 నుంచి 60 డిగ్రీల దాకా దాని నిరోధం కొలిచి, ఒక్కో డిగ్రీకి నిరోధం ఎంత మారుతుందో చెప్పే గుణకం మీరే తీయండి. పుస్తకంలోని విలువ పల్చటి బంగారానికి పనికిరాదు.

గీత గుండా ఒమేగా అనే పౌనఃపున్యంలో కరెంటు పంపితే వేడి దానికి రెట్టింపు పౌనఃపున్యంలో ఊగుతుంది, వోల్టేజీలో మూడింతల దగ్గర సంకేతం పుడుతుంది. అది అసలు వోల్టేజీలో సుమారు వెయ్యో వంతే. సిరీస్ రెసిస్టర్‌తో అసలుదాన్ని తీసేసి లాక్-ఇన్‌కి (ఎంచుకున్న పౌనఃపున్యంలోని సంకేతాన్నే కొలిచే పరికరం) ఇవ్వండి. ఈ సంకేతం, పైన తీసిన గుణకం కలిపితే గీత ఉష్ణోగ్రత ఎంత ఊగుతోందో తెలుస్తుంది.

కరెంటు రెట్టింపైతే సంకేతం ఎనిమిదింతలవ్వాలి. కాలేదంటే మీ కరెంటు సోర్సే పుట్టించే మూడింతల పౌనఃపున్యం (హార్మోనిక్) కలుస్తోందేమో చూడండి.

100 నానోమీటర్ల ఆక్సైడ్‌పైనా అదే పవర్‌తో కొలవండి. పవర్‌ను మందాల తేడాతో గుణించి, గీత వైశాల్యంతోనూ రెండు కొలతల్లోని ఉష్ణోగ్రత ఊపుల తేడాతోనూ భాగిస్తే వాహకత వస్తుంది. పొరల మధ్య ఉపరితలాల దగ్గర వేడికి కలిగే అడ్డు ఈ తీసివేతలో కొట్టుకుపోతుంది. థర్మల్ ఆక్సైడ్‌కి (సిలికాన్‌ను వేడిచేసి పెంచిన ఆక్సైడ్) 1.3 వాట్/మీటర్-కెల్విన్ దరిదాపుల్లో రావాలి.